'రిలక్టెంట్': ఇష్టం లేకపోయినా కాదనలేని చోట వాడే ఇంగ్లిష్ మాటకు సమగ్ర మార్గదర్శి

నిఘంటువు తెరిస్తే 'రిలక్టెంట్' ఎదురుగా 'అయిష్టమైన', 'విముఖమైన' అని ఉంటుంది. అది తప్పేమీ కాదు. కానీ ఆ ఒక్క అర్థం పట్టుకుని వాక్యం రాస్తే చాలాసార్లు తేడా కొడుతుంది. "నాకు లెక్కలంటే అయిష్టం" అని చెప్పాలనుకుని "ఐ యామ్ రిలక్టెంట్ టు మ్యాథ్స్" అని రాసేవాళ్లు అందుకే కనిపిస్తారు. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకు అది సగంలో ఆగిపోయిన వాక్యంలా ఉంటుంది. లెక్కలు ఏం చేయడానికి అయిష్టం? నేర్చుకోవడానికా, చెప్పడానికా, పరీక్ష రాయడానికా?

ఈ మాట ఒక వస్తువు మీదో విషయం మీదో ఉండే అయిష్టాన్ని చెప్పదు. ఏదో ఒక పని చేయడానికి మనసు వెనకాడడాన్ని చెబుతుంది. పైగా ఆ పని చేయనని తేల్చేసినట్టు కూడా కాదు. చాలాసార్లు ఆ పని చివరికి జరుగుతుంది. ఈ రెండు సంగతులు గుర్తుంటే వ్యాకరణంలో సగం దానంతట అదే వస్తుంది.

మొదటి మెట్టు: అర్థం ఎక్కడుందో చూడడం

ఈ రెండు వాక్యాలు చదవండి.

అతను సంతకం పెట్టనన్నాడు.
అతను అయిష్టంగానే సంతకం పెట్టాడు.

మొదటిదానికి ఇంగ్లిష్‌లో 'రెఫ్యూజ్డ్' కావాలి. రెండోది అచ్చంగా మన మాటే: "హి రిలక్టెంట్లీ సైన్డ్." తెలుగులో ఆ భావాన్ని మోస్తున్నది 'అయిష్టంగానే' చివర ఉన్న 'ఏ'. 'అయిష్టంగా సంతకం పెట్టాడు' అంటే మొహం ఎలా పెట్టుకున్నాడో తెలుస్తుంది. 'అయిష్టంగానే' అంటే ఇష్టం లేదు, అయినా పెట్టాడు అని తెలుస్తుంది. 'రిలక్టెంట్లీ'కి తెలుగు వెతికేటప్పుడు ఆ 'ఏ'ని వదిలేయకండి.

ఇంకా జరగని పనికి కూడా ఇది పనికొస్తుంది. "షి ఈజ్ రిలక్టెంట్ టు సైన్" అంటే ఆమె సంతకం పెట్టడానికి సుముఖంగా లేదు. పెడుతుందా లేదా అన్నది ఇంకా తేలలేదు. ఎవరైనా నచ్చజెబితే పెట్టొచ్చు, లేకపోతే లేదు.

నిరాకరణకూ దీనికీ ఉన్న తేడా ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రపంచ ఆరోగ్యానికి ఎదురవుతున్న పది ముప్పులను ప్రకటించినప్పుడు, టీకాల విషయంలో జనం తటపటాయింపును కూడా అందులో చేర్చింది. దాన్ని వివరిస్తూ 'రిలక్టెన్స్ ఆర్ రెఫ్యూజల్' అని రాసింది. రెండూ ఒకటే అయితే మధ్యలో ఆ 'ఆర్' అక్కర్లేదు. టీకా వేయించుకోవడానికి వెనకాడేవాళ్లు వేరు, వేయించుకునేది లేదని తెగేసి చెప్పేవాళ్లు వేరు. వెనకాడేవాళ్లకు కూర్చోబెట్టి చెబితే వినే అవకాశం ఎక్కువ. అందుకే ఆ తేడాను మాటల్లోనే చూపించాల్సి వచ్చింది.

మాట పుట్టుక చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. లాటిన్‌లో 'లుక్తారీ' అంటే కుస్తీ పట్టడం. దాని ముందు 'రె' చేరితే ఎదురు తిరిగి పెనుగులాడడం. 17వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చిన కొత్తల్లో కూడా ఆ పెనుగులాట అర్థం ఉండేది. 1667లో అచ్చయిన ఇంగ్లిష్ కవి మిల్టన్ 'ప్యారడైజ్ లాస్ట్' కావ్యంలో సాతాను పాముగా మారి నేల మీద పడే చోట ఈ మాట వస్తుంది. అక్కడ అర్థం ఎదిరిస్తూ, పెనుగులాడుతూ అని. ఆ పెనుగులాట తర్వాత ఒంట్లోంచి మనసులోకి చేరింది. కుస్తీ నడుస్తోందంటే గెలుపు ఇంకా ఎవరిదీ కాలేదని అర్థం కదా. 'చేయను' అని తేల్చేసినవాడి మనసులో ఆ కుస్తీ ఉండదు, కాబట్టి అతనికి ఈ మాట నప్పదు.

రెండో మెట్టు: పలకడం, రాయడం

ఇది త్వరగా అయిపోయే మెట్టు. మూడు ముక్కలు: రి, లక్, టంట్. ఒత్తు 'లక్' మీద పడాలి, అదృష్టం అనే అర్థంలో మనం వాడే 'లక్' లాగే. చివరి ముక్కను 'టెంట్' అని సాగదీయకుండా తేలిగ్గా వదిలేయాలి. తెలుగులో 'రిలక్టెంట్' అని రాయడం అలవాటైపోయింది కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను, పలికేటప్పుడు మాత్రం 'టంట్' అనుకోండి. స్పెల్లింగ్‌లో 'లక్' దగ్గర 'కె' రాదు, 'సి' ఒక్కటే. చివర 'ఎ, ఎన్, టి'. 'ఇ, ఎన్, టి' అని రాయడం మామూలుగా జరిగే తప్పు.

మూడో మెట్టు: వాక్యంలో కూర్చోబెట్టడం

అసలు తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఎక్కువగా వాడే రూపం ఇది: రిలక్టెంట్, ఆ తర్వాత 'టు', ఆ తర్వాత క్రియ మూలరూపం. "దే ఆర్ రిలక్టెంట్ టు ట్రావెల్." "హి వాస్ రిలక్టెంట్ టు ఆస్క్ ఫర్ హెల్ప్." క్రియకు 'ఇంగ్' తగిలించకూడదు. "రిలక్టెంట్ టు ట్రావెలింగ్" తప్పు. ఈ తప్పు ఎక్కడినుంచి వస్తుందో ఊహించడం కష్టం కాదు. "లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ" అని ఉత్తరాల్లో రాసీ రాసీ, 'టు' కనిపిస్తే చాలు 'ఇంగ్' పెట్టేయడం అలవాటైపోతుంది. రెండు 'టు'లూ ఒకటి కావు. అక్కడిది విభక్తి లాంటిది, ఇక్కడిది క్రియకు అంటుకుని వచ్చేది.

ఈ 'టు' తర్వాత నామవాచకం కూడా రాదు. "రిలక్టెంట్ టు చేంజ్" సరైనదే కదా, 'చేంజ్' నామవాచకమే కదా అని ఎవరైనా అడగొచ్చు. మంచి ప్రశ్నే. అక్కడ 'చేంజ్' క్రియ. 'మార్పుకు' అని కాక 'మారడానికి' అని అర్థం. కావాలంటే దాని ముందు 'ద' పెట్టి చూడండి. "రిలక్టెంట్ టు ద చేంజ్" అనగానే వాక్యం కుంటుతుంది. 'ద' పెడితే చెడిపోయిందంటే అక్కడ ఉండాల్సింది క్రియ అన్నమాట. ఈ చిట్కా 'టు' వచ్చే చాలా చోట్ల పనికొస్తుంది.

'వెళ్లడానికి' అనే మాటలో 'కి' ఉంది కదా అని "రిలక్టెంట్ ఫర్ గోయింగ్" అని రాయకండి. 'ఆఫ్', 'ఇన్' కూడా వద్దు. 'అబౌట్' మాత్రం అక్కడక్కడా వినిపిస్తుంది: "షి వాస్ రిలక్టెంట్ అబౌట్ ద ప్లాన్." తప్పనలేం, కానీ నా మటుకు నేను అక్కడ 'హెసిటెంట్' వాడతాను.

ఇక నామవాచకానికి ముందు విశేషణంగా వచ్చే పద్ధతి. "ఎ రిలక్టెంట్ లీడర్" అంటే నాయకత్వం కోరుకోని, అయినా నెత్తిన పడితే మోస్తున్న మనిషి. చూడండి, ఇక్కడ కూడా పని జరుగుతూనే ఉంది. కోర్టు వార్తల్లో కనిపించే "రిలక్టెంట్ విట్నెస్" అంటే సాక్ష్యం చెప్పడానికి జంకుతున్న సాక్షి. 'హోస్టైల్ విట్నెస్' అంటే తనను పిలిపించిన పక్షానికే ఎదురు తిరిగాడని కోర్టు గుర్తించిన సాక్షి. రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే వార్త అర్థమే మారిపోతుంది.

'రిలక్టెంట్లీ'ని మామూలుగా క్రియకు ముందు పెడతారు: "షి రిలక్టెంట్లీ అగ్రీడ్." వాక్యం మొదట్లో పెడితే ఆ అయిష్టం మీద ఎక్కువ దృష్టి పడుతుంది. ఏ క్రియకు తగిలిస్తే అయిష్టం ఆ క్రియ మీదే ఉంటుంది, ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. "హి రిలక్టెంట్లీ రెఫ్యూజ్డ్" అన్నారనుకోండి. అతనికి నిజానికి ఒప్పుకోవాలనే ఉంది, కాదనాల్సి వచ్చినందుకే బాధ. తెలుగులో 'మనసొప్పకపోయినా కాదన్నాడు' అనాలి. హడావిడిగా చదివితే దీన్ని 'అయిష్టంతో కాదన్నాడు' అని తలకిందులు చేసేస్తాం.

నామవాచక రూపం 'రిలక్టెన్స్'. "హర్ రిలక్టెన్స్ టు స్పీక్" అంటే మాట్లాడడానికి ఆమె చూపిన విముఖత. ఇక్కడా అదే 'టు', అదే మూలరూపం. "విత్ గ్రేట్ రిలక్టెన్స్" అనేది రాజీనామా ఉత్తరాల్లో, పదవి వదులుకునేవాళ్ల ప్రకటనల్లో తరచూ వస్తుంది. దాని అర్థం 'చాలా బాధతోనే, మనసు రాకపోయినా' అని. పోతూ పోతూ సంబంధాలు చెడగొట్టుకోకూడదనుకునేవాళ్లకు బాగా ఉపయోగపడే మాట, నిజంగా బాధ ఉన్నా లేకపోయినా.

ఇంజినీరింగ్ చదివినవాళ్లకు 'రిలక్టెన్స్' మరోలా పరిచయం. అయస్కాంత వలయంలో ఫ్లక్స్ (అయస్కాంత బలరేఖలు) ప్రవాహానికి ఎదురయ్యే అడ్డంకిని అలా పిలుస్తారు. విద్యుత్ వలయంలో రెసిస్టెన్స్ ఎలాగో ఇక్కడ ఇది అలాగ. ఆ పేరు పెట్టింది ఇంగ్లిష్ శాస్త్రవేత్త ఆలివర్ హెవిసైడ్, 1888లో. గాలి సందు కంటే ఇనుములో రిలక్టెన్స్ చాలా తక్కువ, అందుకే ఫ్లక్స్ ఇనుము దారి పడుతుంది. ఇందులో కూడా దారి పూర్తిగా మూసుకుపోవడం లేదు. గాలిలోనూ ఫ్లక్స్ వెళుతుంది, కాకపోతే కష్టంగా.

మామూలు మాటల్లో కూడా ప్రాణం లేని వాటికి దీన్ని అంటగడతారు. ఎంతకీ స్టార్ట్ కాని ఇంజిన్ 'రిలక్టెంట్ ఇంజిన్'. పెదవుల మీదికి బలవంతంగా వచ్చిన నవ్వు 'రిలక్టెంట్ స్మైల్'. కథల్లో బాగుంటుంది. దరఖాస్తుల్లో, నివేదికల్లో వాడొద్దు.

నాలుగో మెట్టు: ఇరుగుపొరుగు మాటలతో తేడా

ఒకే సందర్భం తీసుకుందాం. ఒకతన్ని వేదికెక్కి నాలుగు మాటలు మాట్లాడమన్నారు.

'ఎక్కను గాక ఎక్కను' అంటే అతను 'అన్‌విల్లింగ్'. ససేమిరా అన్నవాడికి ఇదే తగిన మాట.

ఎక్కాలో వద్దో తేల్చుకోలేక తటపటాయిస్తుంటే 'హెసిటెంట్'. అతనికి అయిష్టం ఉండకపోవచ్చు, లోపల ఉబలాటమే ఉండొచ్చు. అడ్డుపడుతున్నది సందేహమో, బెరుకో. రిలక్టెంట్ మనిషికి మాత్రం తన మనసు తనకు తెలుసు, అతనికి మాట్లాడాలని లేదు. తటపటాయించేవాడికి ధైర్యం చెబితే సరిపోతుంది. రిలక్టెంట్ మనిషికి ధైర్యం చెప్పి లాభం లేదు, కారణం చూపించాలి.

వేదికలు, మైకులు, సభలు అంటేనే పడకపోతే 'అవెర్స్'. ఇది ఈ ఒక్క పూటకు సంబంధించింది కాదు, మనిషి స్వభావం. దీనికి మాత్రం 'టు' తర్వాత నామవాచకం కానీ 'ఇంగ్' రూపం కానీ రావాలి: "అవెర్స్ టు పబ్లిక్ స్పీకింగ్." మొదట్లో చెప్పిన 'లెక్కలంటే అయిష్టం' ఇంగ్లిష్‌లో దీనికి దగ్గర, లేదా హాయిగా "ఐ డోంట్ లైక్ మ్యాథ్స్". అలాగే 'యాడ్వర్స్' అని ఇంకొకటి ఉంది. అది ప్రతికూల పరిస్థితులకు, మందుల దుష్ఫలితాలకు వాడే మాట. మనుషుల మనసుతో దానికి సంబంధం లేదు.

వేదికెక్కి, మొహం మాడ్చుకుని, సణుగుతూ మాట్లాడితే 'గ్రడ్జింగ్'. ఇందులో లోపలి కడుపుమంట బయటికి కనిపిస్తుంది. రిలక్టెంట్‌గా ఒప్పుకున్నవాడు మర్యాదగానే ఒప్పుకుని ఉండొచ్చు, గ్రడ్జింగ్‌గా ఒప్పుకున్నవాడు మర్యాద కూడా చూపించలేదు. ఎదుటివాడి గెలుపును మెచ్చుకోక తప్పని చోట 'గ్రడ్జింగ్ రెస్పెక్ట్' అని వాడతారు, చాలా పొందికైన ప్రయోగం.

'లోత్' అనేది రిలక్టెంట్‌కు పెద్దన్న లాంటిది. పాతది, బలమైనది, రాతలోనే ఎక్కువ కనిపిస్తుంది: "హి వాస్ లోత్ టు లీవ్." అంటే వెళ్లడానికి అతనికి బొత్తిగా మనసొప్పలేదు. వాక్య నిర్మాణం మాత్రం రిలక్టెంట్‌దే. ఇక్కడ పెద్ద ఇబ్బంది ఒకటుంది. చివర ఒక్క 'ఇ' చేరిస్తే అది 'లోద్' అవుతుంది. అది క్రియ, అర్థం అసహ్యించుకోవడం. 'ఓత్'తో ప్రాస కలిసేది మనసొప్పకపోవడం, చివర 'బ్రీద్' లాగా మోగేది అసహ్యం. "ఐ యామ్ లోద్ టు గో" అని రాసేవాళ్లలో ఇంగ్లిష్ పుట్టుకతో వచ్చినవాళ్లూ ఉంటారు, కాబట్టి వాళ్లు రాశారని మీరు నమ్మేయకండి. అనుమానం వస్తే 'రిలక్టెంట్' రాసేయడం మేలు.

'రెటిసెంట్' సంగతి కొంచెం తకరారు. దాని అసలు అర్థం మితభాషి, మనసులో మాట పైకి చెప్పని మనిషి. దాని లాటిన్ మూలంలోనే మౌనం ఉంది. ఈమధ్య "రెటిసెంట్ టు సైన్" అని రిలక్టెంట్ బదులు వాడేస్తున్నారు, కొన్ని నిఘంటువులు ఆ అర్థాన్ని చేర్చాయి కూడా. భాష పట్టింపు ఉన్నవాళ్లు ఇప్పటికీ ఒప్పుకోరు. నేనూ వాళ్ల పక్షమే. మాట్లాడడానికి ఇష్టపడనివాడికి రెటిసెంట్, పని చేయడానికి ఇష్టపడనివాడికి రిలక్టెంట్ అని విడివిడిగా ఉంచుకుంటే రెండూ పదునుగా ఉంటాయి.

ఒక్క మన మాట గురించి కూడా చెప్పాలి. మొహమాటం దీని పరిధిలోకి రాదు. మొహమాటపడేవాడికి లోపల ఇష్టం ఉండొచ్చు, నలుగురూ ఏమనుకుంటారో అన్నదే అడ్డు. దాన్ని రిలక్టెంట్ అని అనువదిస్తే ఆ మనిషికి ఇష్టం లేదని చెప్పినట్టవుతుంది. 'షై' అనో, సందర్భాన్ని బట్టి 'టూ పొలైట్ టు ఆస్క్' అనో రాయాలి.

ఐదో మెట్టు: ఆఫీసులో వాడడం, విన్నప్పుడు అర్థం చేసుకోవడం

మెయిల్స్‌లో ఈ మాట బాగా పనికొస్తుంది. క్లయింట్ తేదీ అడిగాడు. పరీక్షల ఫలితాలు ఇంకా రాలేదు. "ఐ కాంట్ గివ్ ఎ డేట్" అంటే మొహం మీద కొట్టినట్టుంటుంది. ఇలా రాయొచ్చు:

"ఐ వుడ్ బీ రిలక్టెంట్ టు కమిట్ టు ఎ డేట్ బిఫోర్ వి సీ ద టెస్ట్ రిజల్ట్స్."

ఈ వాక్యాన్ని విప్పి చూద్దాం. 'వుడ్ బీ' వల్ల మాట మెత్తబడింది, ఇప్పటికిప్పుడు కాదన్నట్టు కాకుండా 'ఒకవేళ చెప్పాల్సి వస్తే ఇబ్బందే' అన్నట్టుంది. 'రిలక్టెంట్' వల్ల మీకు ఇష్టం లేదని తెలిసింది, కానీ మొండికేసినట్టు లేదు. 'బిఫోర్' తర్వాతి ముక్క అన్నిటికంటే ముఖ్యం. ఏం జరిగితే మీ అయిష్టం పోతుందో అది చెబుతోంది. ఆ ముక్క రాయకపోతే ఎదుటివాడికి దారి దొరకదు, మీరు తప్పించుకుంటున్నారనుకుంటాడు. కాబట్టి మీ గురించి మీరు ఈ మాట వాడినప్పుడల్లా కారణమో షరతో జోడించండి.

ఇదే మాట అవతలివాళ్ల నోట వస్తే? పైఅధికారి "ఐ యామ్ ఎ లిటిల్ రిలక్టెంట్ టు అప్రూవ్ దిస్" అంటే, 'కొంచెమే కదా' అని సంబరపడకండి. మర్యాద ఎక్కువ పాటించే చోట్ల ఆ 'ఎ లిటిల్' మెత్తదనం కోసం వేసిందే, అక్కడ అసలు భావం దాదాపుగా 'కుదరదు' అనే. అయితే పూర్తిగా కాదనలేదు కాబట్టి ఒక ప్రశ్నకు చోటుంది: "వాట్ వుడ్ మేక్ యూ మోర్ కంఫర్టబుల్ విత్ ఇట్?" ఏం మారిస్తే మీకు సరే అనిపిస్తుంది అని. 'అన్‌విల్లింగ్' అన్న మనిషిని ఈ ప్రశ్న అడిగితే చిరాకు పడతాడు. 'రిలక్టెంట్' అన్న మనిషి చాలాసార్లు జవాబు చెబుతాడు.

దరఖాస్తుల్లో, ఇంటర్వ్యూల్లో మాత్రం మీ గురించి ఇది వాడకపోవడమే మంచిది. "ఐ వాస్ రిలక్టెంట్ టు లెర్న్ ఇట్, బట్..." అని మొదలుపెడితే వినేవాళ్లకు 'బట్' ముందున్నదే గుర్తుంటుంది.

ఆరో మెట్టు: తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో చెప్పడం

తెలుగువాళ్లం ఈ భావాన్ని ఒక్క విశేషణంతో సరిపెట్టం, ఒంటి మీది అవయవాలకు పంచిపెడతాం. కాదనడానికి నోరు రాలేదు. సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు. వదిలి వెళ్లడానికి కాళ్లు రాలేదు. అమ్మేయడానికి మనసు రాలేదు. ఇంగ్లిష్‌లో ఈ నాలుగింటికీ 'రిలక్టెంట్ టు' చాలు, తర్వాత క్రియ ఒక్కటే మారుతుంది: సే నో, సైన్, లీవ్, సెల్. నోరు, చెయ్యి అంటూ మాటకు మాట దించితే అక్కడ అర్థం కాదు.

రివర్స్‌లో వెళ్లేటప్పుడు ఇదే వరం. ఇంగ్లిష్ పేరాలో 'రిలక్టెంట్' కనిపించగానే 'అయిష్టమైన' అని అతికించకండి. పక్కన ఏ క్రియ ఉందో చూడండి. మాటకు సంబంధించిందైతే 'నోరు రాలేదు', ఇవ్వడానికి సంబంధించిందైతే 'చెయ్యి రాలేదు', కదలడమైతే 'కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు', అధికారిక ప్రకటనైతే 'సుముఖంగా లేరు', భయం కలిసి ఉంటే 'వెనకాడుతున్నారు', 'జంకుతున్నారు'. "రిలక్టెంట్ టు కామెంట్" అన్న వార్తను 'వ్యాఖ్యానించడానికి అయిష్టత వ్యక్తం చేశారు' అని రాయడం పత్రికల్లో పాతుకుపోయింది. నిజానికి ఆయన అయిష్టతను వ్యక్తం కూడా చేసి ఉండడు, 'దాని గురించి మాట్లాడడానికి ఇష్టపడలేదు' అంటే సరిపోతుంది.

ఏడో మెట్టు: చేసి చూడండి

ఈ నాలుగు వాక్యాలను జవాబు చూడకుండా ముందు మీరే ఇంగ్లిష్‌లోకి మార్చండి.

తప్పు ఒప్పుకోవడానికి ఆమె వెనకాడింది.
వాళ్లు అయిష్టంగానే గడువు పొడిగించారు.
రిస్క్ అంటేనే అతనికి పడదు.
ఆ పాత పుస్తకాలు పారేయడానికి నాకు మనసు రావడం లేదు.

మొదటిది "షి వాస్ రిలక్టెంట్ టు అడ్మిట్ హర్ మిస్టేక్." 'టు అడ్మిటింగ్' అని రాసి ఉంటే మూడో మెట్టుకు వెళ్లండి. రెండోది "దే రిలక్టెంట్లీ ఎక్స్‌టెండెడ్ ద డెడ్‌లైన్." గడువు పొడిగించడం జరిగిపోయింది కాబట్టి 'దే వర్ రిలక్టెంట్ టు ఎక్స్‌టెండ్' సరిపోదు, అలా అంటే పొడిగించారో లేదో తెలీదు. మూడోదానికి రిలక్టెంట్ వద్దు, "హి ఈజ్ అవెర్స్ టు రిస్క్." నాలుగోది "ఐ యామ్ రిలక్టెంట్ టు త్రో అవే దోజ్ ఓల్డ్ బుక్స్." ఇక్కడ 'లోత్' రాసినా తప్పు లేదు, పాత పుస్తకాల మీద ఆ మాత్రం ప్రేమ ఉంటుంది. చివర 'ఇ' పడలేదు కదా, చూసుకోండి.